నిద్రపట్టే అంకె

బాల్కనీ తీగ మీద స్లీపింగ్ బ్యాగ్ ఆరేసి చేత్తో దులిపితే ఆ గుడ్డ గరగరమంటుంది. ఎండకు కాగిన నైలాన్ వాసన, దాని వెనక సన్నగా సబ్బు వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలాయంటే నేనిక కొండాపూర్‌లో ఉండను. బీదర్‌లో, గాంధీ గంజ్ వెనక మా ఇంటి మిద్దె మీద ఉంటాను. మా ఆఫీసులో కుర్రాళ్ళు చలికాలం వచ్చిందంటే చాలు, ఏ బ్యాగ్ కొనమంటారు మేడం అని నా బల్ల చుట్టూ చేరతారు. అడిగి, నేను చెప్పింది విని, ఇంకెవరో చెప్పింది కొనుక్కుంటారు. సరే, వాళ్ళ చలి వాళ్ళది. నాకు ఈ విద్య నేర్పిన మనిషి ఇప్పుడు లేదు. ఆమెను చూడనివాళ్ళకు ఆమె గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు.

సువర్ణ మేడం మా పైగదిలో అద్దెకుండేది. సొంతూరు సంగారెడ్డి. బీదర్‌లో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. యాభైకి దగ్గరపడిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరైనా అడిగితే "టైం దొరకలే" అనేది. ఏటా చలికాలం సెలవు పెట్టి, తనలాంటి ఆడవాళ్ళను కొందరిని వెంటేసుకుని హిమాలయాల్లో కుమావూ కొండలకు పోయి, డేరాల్లో పడుకుని వచ్చేది. తిరిగొచ్చాక ఆమె బూట్లు పిట్టగోడ మీద ఆరుతుంటే మా అమ్మ కింది నుంచి చూసి, "పైసలిచ్చి చలిల పండుకునుడేందో, నాకైతే సమజ్ కాదు" అని గొణిగేది. అంటూనే పైకి గిన్నెడు పప్పు పంపేది. మా నాన్నకు గంజ్‌లో, అంటే ధాన్యం మార్కెట్లో, అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పప్పుధాన్యాలు హర్రాజుకు పెట్టి అమ్మించడం ఆయన పని.

నాకు చిన్నప్పటి నుంచి ఆయాసం. పంట గంజ్‌కు రావడం మొదలైతే గాలి నిండా పొట్టు లేస్తుంది, నా ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. దాంతో మా ఇంట్లో నేనొక గాజుసామాను. డిగ్రీ అయిపోయినా మంకీ క్యాప్ లేకుండా వాకిలి దాటనిచ్చేవాళ్ళు కాదు. పెరుగు పగలే తినాలి, తలస్నానం మధ్యాహ్నమే చెయ్యాలి, పెళ్ళిళ్ళలో ఐస్‌క్రీం వైపు చూడకూడదు. పొద్దున కళ్ళు తెరిస్తే అమ్మ, నాన్న, వచ్చిన చుట్టాలు, ఆఖరికి పాలుపోసే ఆమె కూడా ఒకటే మాట: "ఆయాసమొచ్చిందా బిడ్డా?" ప్రేమే, కాదనను. కాని ఆ ప్రేమకు నేను తల ఊపి ఊపి అలసిపోయాను.

అవి హైదరాబాద్ రోజుకింత ఉబ్బుతున్న రోజులు. మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్నారు. బీదర్‌లో కంప్యూటర్ చదివిన ప్రతి పిల్లా జహీరాబాద్ మీదుగా పోయే బస్సెక్కుతోంది. నాకూ అక్కడొక కంపెనీలో ఉద్యోగం వచ్చింది, ఫిబ్రవరిలో చేరాలి. నాన్న ముందు గంజంతా పేడాలు పంచాడు. పంచి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, వద్దన్నాడు.

"పొద్దంత ఏసీల కూసునుడు నీకు పడది మంజులా. ఆడ ఆయాసమొస్తె ఎవరు చూస్తరు? ఊళ్ళెనే ఏదన్న చూద్దాం."

నేను ఏడ్చాను. అన్నం మానేశాను. రెండు పూటలే మానగలిగాను, అది వేరే సంగతి. ఆ రెండో పూటే సువర్ణ మేడం తోడుకు మజ్జిగ అడగడానికి కిందికొచ్చి, నా మొహం చూసి, జరిగింది విని, గిన్నె పక్కన పెట్టి కూర్చుంది.

"అన్నా, మీ ఫికర్ అంత చలి గురించే గద. జనవరిల పిల్లను నాతోని పంపుండ్రి. మంచు పడే కాడ పండుకొని వస్తది. అక్కడ తట్టుకోకపోతె హైదరాబాద్ మాట నేను గూడ ఎత్త. తట్టుకుంటె మీరు అడ్డం చెప్పొద్దు."

నాన్న నవ్వేశాడు. అది కాని పని అనుకుని నవ్విన నవ్వు. "సరే మేడం, డాక్టర్ ఒప్పుకుంటె తీస్కపోండ్రి" అన్నాడు. మర్నాడే ఆమె నన్ను డాక్టర్ దగ్గర కూర్చోబెట్టింది. ఆయన ఛాతీ చూసి, పీల్చే మందు రాసి, రోజూ మానకుండా వాడితే కొండలకు పోవచ్చన్నాడు. మేడం ఆయనతో అరగంట వాదించి, ఆ మందు గొట్టం చలికి గడ్డకట్టకుండా ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలుసుకుంది. పడుకున్నప్పుడు స్లీపింగ్ బ్యాగ్ లోపల, ఒంటికి తగిలేలా.

దసరా అయ్యాక ఇద్దరం స్లీపింగ్ బ్యాగ్ కొనడానికి సికింద్రాబాద్ పోయాం. దుకాణం అతను ముందుగా ఈకలది చూపించాడు. మడిస్తే సొరకాయంత, బరువే లేదు. నాకు నచ్చేసింది. మేడం దాన్ని పక్కకు జరిపింది. "పక్షి ఈకలు తెచ్చినవని తెలిస్తె మీ అమ్మ నిన్నూ సంచిని కలిపి బయటేస్తది. ఆ మాట పక్కకు పెట్టు. ఇది తడిస్తె ముద్దయితది, ఉతుకుదామంటె నాజూకు. నీకు దుమ్ము పడది, మాటిమాటికి ఉతకాలె. సింథటిక్ దూదైతె జర తడిసినా వెచ్చగనే ఉంటది, బక్కెట్ల ఏసి ఉతుక్కోవచ్చు."

"బరువెక్కువ కదా మేడం" అన్నాను.

"బరువు మోసేది కాళ్ళు. నీ కాళ్ళకేం రోగం?"

నా ఒంట్లో రోగం లేని భాగాలు కూడా ఉన్నాయని నాతో అన్న మొదటి మనిషి ఆమె. ఆ తర్వాత నన్ను ఆ దుకాణం నేల మీదే బ్యాగ్‌లోకి దూరమంది. కొనడానికి వచ్చినవాళ్ళు నా మీదుగా దాటుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకు అదేం పట్టలేదు. మోకాళ్ళు ముడవమంది, పక్కకు తిరగమంది, పాదాల దగ్గర ఖాళీ ఎంతుందో నొక్కి చూసింది. మరీ వదులైతే ఆ ఖాళీనంతా నా ఒళ్ళే కాయాలట, మరీ బిగువైతే దూది అణిగిపోతుందట. జిప్పు వెనక గాలి రాకుండా దూదిపట్టీ ఉందో లేదో వేలితో తడిమింది. అప్పుడు దుకాణం అతను, "సున్నాకి ఐదు కింద వరకు గ్యారంటీ అమ్మా" అని చీటీ చూపించాడు. ఆ చీటీ మీద అంకెలు రెండున్నాయి.

"ఈన చెప్పేది బతికి బట్టకట్టే అంకె" అంది మేడం. "గా చలిల వణుక్కుంట తెల్లారేదాంక ఉంటవు, అంతే. దాని పక్కన ఉన్నది చూడు, గది నిద్రపట్టే అంకె. నువ్వు పోతున్నది నిద్రపోనీకి. ఎప్పుడైనా అదే చూసి కొను." ఆమె లెక్కన ఇంకా దళసరిది తీసుకున్నాం. బస్సులో వస్తూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని జహీరాబాద్ దాకా వదల్లేదు నేను.

ఇంటికొచ్చాక మేడం, దీన్ని వదులుగా పెద్ద గుడ్డసంచిలో వేసి అటక మీద పెట్టమని చెప్పింది. పెట్టాను. దీపావళికి దుబల్గుండిలో మా చిన్నమ్మ ఇంటికి పోయి, ఆమెకు ఒంట్లో బాగాలేక నెల దాకా ఉండిపోయాను. ఈలోగా మా నాన్నకు ఆ సంచి మీద బెంగ పట్టుకుంది. ఖరీదైన వస్తువు, అటక మీద ఎలుకలు. గంజ్‌లో విలువైనది ఏదైనా భద్రం చెయ్యడమంటే థప్పి కింద పెట్టడమే. థప్పి అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన మూటల దొంతర. హమాలీతో బ్యాగ్‌ను బిగుతుగా చుట్టించి, సుతిలీ తాడుతో కట్టించి, తార్పాలిన్‌లో పెట్టించి, దుకాణం వెనక సోయా మూటల కింద దాచాడు. పైన ఎన్ని క్వింటాళ్ళు పడ్డాయో ఆయనకే తెలియాలి. నేను తిరిగొచ్చేసరికి తీయించి మళ్ళీ అటక ఎక్కించాడు.

డిసెంబరులో మేడం నన్ను ఆ బ్యాగ్‌లో మిద్దె మీద పడుకోబెట్టి పరీక్ష పెట్టింది. బీదర్ చలి తక్కువదేం కాదు, మిద్దె మీద గాలి ఈడ్చి కొడుతుంది. తెల్లవారేసరికి నేను పళ్ళు కొట్టుకుంటూ కూర్చుని ఉన్నాను, ఛాతీలో పిల్లికూతలు. మందు పీల్చాను, తగ్గింది. కాని అమ్మ చూడనే చూసింది. "నేను చెప్పలేదా? ఊళ్ళె చలికే గిట్లయితె కొండల మీద ఏమైతది?" నాన్న ఒక్క మాటే అన్నాడు, "అయిపాయె. కొండలొద్దు, హైదరాబాదొద్దు." నాకూ అదే నిజమనిపించింది. నా ఒళ్ళు నన్ను మోసం చేసిందని అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు.

మేడం బ్యాగ్‌ను రెండు వేళ్ళ మధ్య పట్టి చూసింది. అటూ ఇటూ పట్టి చూసింది. "అన్నా, దీన్ని ఎక్కడ పెట్టిండ్రు?"

నాన్న దాచకుండా చెప్పాడు, కొంచెం గర్వంగానే. "భద్రంగ పెట్టిన మేడం. థప్పి కింద."

"దూది వెచ్చగుండదన్నా, దాని నడుమ నిలిచే గాలి వెచ్చగుంటది. మీరు గా గాలినంత పిండేసిండ్రు. చలికి ఓడింది పిల్ల గాదు, సంచి. సజా ఏసేదుంటె సంచికెయ్యిండ్రి."

నాన్న ముఖం చిన్నబోయింది. "పప్పు మీద ఎంత బరువేసినా పప్పు పప్పే ఉంటది గద" అన్నాడు, తనలో తాను. గంజ్‌లో తన మాటకు తిరుగులేని మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మేడం బ్యాగ్ తీసుకుని నీళ్ళ బక్కెట్ వైపు నడిచింది. గెలిచినచోట ఆగిపోవడం ఆమెకు తెలుసు, ఆ విద్య మాత్రం నాకింకా పూర్తిగా పట్టుబడలేదు.

బ్యాగ్‌ను ఉతికి, విడిగా ఆరబెట్టి, రోజూ చేత్తో చిలికినట్టు దులిపితే సగం తేరుకుంది. అణిగిన సింథటిక్ దూది పూర్తిగా లేవదు, లేవలేదు. మిగతా సగం అమ్మ పూడ్చింది. ఎవరూ అడగకుండానే తన పెళ్ళినాటి ఊలు శాలువా విప్పి, రెండు పొరలు చేసి, సంచి లోపల సరిపోయేలా ఇంకో సంచి కుట్టింది. కుడుతున్నంతసేపూ మేడంను తిట్టింది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.

ఈసారి పరీక్ష నేనే ఇస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "ముందుగల నేను పండుకుంట. నాకు చలి పెడ్తె పిల్ల పోదు." మా నాన్నది నిండైన ఒళ్ళు. ఆ రాత్రి మిద్దె మీద మేడం, అమ్మ చెరో పక్క పట్టి కుక్కితే జిప్పు భుజాల దాకా వచ్చి ఆగింది. పొద్దున కొత్త కందులతో లారీలు గంజ్‌లో వరుస కట్టాయి, హర్రాజు టైమైంది, సేటు లేడు. మా గుమాస్తా ఇంటికి పరుగెత్తుకొచ్చి పైకెక్కి చూస్తే, ముఖం మీద ఎండ పడుతున్నా సేటు గుర్రుపెడుతున్నాడు. లేపితే జిప్పు రాదు. నలుగురం కలిసి లాగాం. బయటపడి, తువ్వాల దులుపుకుని, నా వైపు చూడకుండా, "మంచిగనే నిద్రబట్టింది" అని మెట్లు దిగిపోయాడు. అంతే, జనవరిలో నేను బయల్దేరాను.

కొండల మీంచి దిగొచ్చాక అక్కడి ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో హాస్టల్ చూడమని మా తమ్ముణ్ణి పంపించానని నాన్న చెప్పాడు. బూత్‌లోనే కూర్చుని ఏడ్చాను. నా ఉద్యోగం, నా ఇల్లు, నేను ఎక్కిన కొండలు అన్నీ ఆ ఫోన్ నుంచి మొదలైనవే. అయినా ఒంట్లో బాగాలేని పొద్దున, పనిలో ఓడిపోయిన పొద్దున నాకు గుర్తొచ్చేది ఆ ఫోన్‌కు ముందటి రోజు.

డేరాలో మెలకువ వచ్చింది. లోపలి గుడ్డ మీద మన ఊపిరే మంచుపొడిగా పేరుకుని ఉంది. ఒంటికి తగిలేలా పెట్టుకున్న మందు గొట్టం వెచ్చగా ఉంది, దాని అవసరం పడలేదు. నేను పడుకున్నాను, నిజంగా నిద్రపోయాను. మేడం డేరా తలుపు జిప్పు తీసి తల లోపల పెట్టింది. పుట్టినప్పటి నుంచి అలవాటైన ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకున్నాను, ఆయాసం రాలేదని చెబుదామని.

"లేవే. ఇయ్యాల చాయ్ నీ వంతు" అంది.

బయట గడ్డి తెల్లగా గట్టిపడి ఉంది. వేళ్ళు మొద్దుబారి అగ్గిపుల్లలు విరిగిపోయాయి. స్టవ్ వెలగదు, వెలిగితే నిలవదు. ఎవరూ సాయానికి రాలేదు, ఎవరూ నా చేతిలోంచి గిన్నె లాక్కోలేదు. చివరికి అందరికీ పోశాను. మేడం రెండు చేతులతో గ్లాసు పట్టుకుని ఒక గుక్క తాగి, ముఖం చిట్లించింది.

"గింత నీళ్ళ చాయేందే? రేపు పాలు సరిగ్గ పొయ్యి."

నా బతుకులో నన్ను ఎవరైనా అలా తప్పుపట్టడం అదే మొదలు. ఆమె గ్లాసు తీసుకుని, సంతోషం పట్టలేక నవ్వుతూ, అలాగే మేడం అన్నాను.