నేను తోమిన చార్‌మినార్

నిజాం రాజ్యం ఒక్కసారే కూలిందని బడి పుస్తకాలల్ల రాసుంటది. తప్పు. రెండుసార్లు కూలింది. రెండోసారి కూల్చింది నేను. ఫౌజు లేదు, తుపాకి లేదు. చంద్రపూర్ గోల్ బజార్ల, మా బాసన్ల దుకాణం వెనక అర్రల, పగటి అన్నం తిన్నంక, గంటన్నరల కూల్చేసిన. పైంగ కూల్చినట్టు ఫోటో తీసి నలుగురికి చూపించుకున్న. అప్పుడే నవ్వకుండ్రి, జర ఆగుండ్రి. నవ్వెటందుకు ఇంకా చానా ఉంది.

ముందుగాల నా సంగతి. పేరు సుజాత. అప్పటికి ఇరవై మూడేండ్లు. బీకాం అయిపోయింది. మా నాయినకు మోకాళ్లు పట్టేసి గల్లపెట్టె కాడ కూసునుడే తప్ప లేచి తిరుగుడు బందయింది. దుకాణం నా నెత్తిన పడ్డది. రాగి, ఇత్తడి, స్టీలు బాసన్లు అమ్ముతం. పాతయి తెస్తే మెరుగు పెట్టిస్తం. అందుకోసం వెనక అర్రల ఒక పాలిష్ మిషన్ ఉంటది. మోటరుకు గుడ్డ చక్రం బిగించి ఉంటది, దానికి పాలిష్ సబ్బు రాసి, గిర్రున తిరిగేటప్పుడు బాసనను ఆనిస్తే చాలు. పొయ్యి మీద ముప్పై ఏండ్లు కాలిన బిందె గూడ పెండ్లిపిల్ల లెక్క తయారైతది.

కోతికి కొబ్బరికాయ దొరికితే ఊకుంటదా? నాకు మిషన్ దొరికింది. ఇంట్ల చెంబులైపోయినయి, తలుపు గొళ్లాలైపోయినయి, మా నాయిన బెల్టు బకల్ గూడ అయిపోయింది. ఆయన గల్ల కాడ కూసుంటే ఎదురుంగ వచ్చేటోళ్లు కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకునేటోళ్లు. పైనుంచి ఫోన్ల గా వీడియోలొకటి. ఎన్నడో మట్టిల పూడిన కత్తిని తీసుకొచ్చి, గీకి, తోమి, అద్దం లెక్క చేస్తరు సూడుండ్రి, అవి. అవి చూసి చూసి నాకు లోకంల నల్లగున్న వస్తువు కనబడితే చాలు, చేతులు దురద పెట్టేవి.

ఇసొంటి చేతులల్ల పెట్టిండు పోశెట్టి సారు తన పన్నెండు పైసలు.

సారుది రాజురా దిక్కు పల్లె. చంద్రపూర్ల మరాఠీ బడిల ముప్పై ఏండ్లు చరిత్ర చెప్పి రిటైరైండు. నాకు గూడ ఆయనే చెప్పిండు. పాత నాణేలంటే ప్రాణం. బెల్లం డబ్బా అంత చెక్కపెట్టె సంకల పెట్టుకొని ఆ దినం దుకాణానికొచ్చిండు.

"బిడ్డా, శనివారం, ఆదివారం లైబ్రరీ హాల్ల ప్రదర్శన పెడుతున్న. వర్ధా నదికి గా ఒడ్డున నడిచిన పైసలు, గీ ఒడ్డున నడిచిన పైసలు. నాకొక మంచి ఇత్తడి తాంబాళం కావాలె, పైన అద్దం మూత పెట్టిస్త."

"ఎంత పెద్దది సార్?"

"గివి పన్నెండు పట్టాలె." పెట్టె తెరిచిండు. ఒక్కొక్క నాణేన్ని తెల్ల కాగితంల పొట్లం కట్టిండు. విప్పి చూపెడుతుంటే మా చెల్లె తన బిడ్డను జూపెట్టినంత మురిపెం ఆయన మొఖంల. "గివి మా తాత సంచిలయి. అప్పుడు మా రాజురా నిజాం రాజ్యంల ఉండె, గీ చంద్రపూర్, అప్పటి పేరు చాందా, ఇంగ్రేజోళ్ల చేతుల ఉండె. మా తాత పత్తి అమ్మి నది దాటి వస్తే గివి గీడ నడవకపోయేవట. గందుకే ఖర్చు కాకుండ సంచిలనే మిగిలినయి. గీ వెండి దాని మీద చార్‌మినార్ చూడు. దర్వాజల చిన్న అక్షరం కనబడుతుందా? రాజు పేరుల మొదటి అక్షరం."

నాకు అక్షరం కనబడలే. నలుపు కనబడ్డది.

"మీరు పెట్టెను ఉంచి పోండ్రి సార్, పట్టే తాంబాళం చూసి సర్ది పెడుత" అన్న.

సారు పోతూ పోతూ గడప కాడ తిరిగి ఒక మాటన్నడు: "అంతా సాఫ్ చేసి పెట్టు బిడ్డా, శుక్రవారం వచ్చి తీస్కపోత."

చదివేటోళ్లు న్యాయం చెప్పుండ్రి. ఆయన అన్నది తాంబాళం గురించి, అద్దం గురించి. "అంతా" అంటే నేనేమనుకోవాలె? మెదడున్నోళ్లయితే ఇంకోసారి అడిగేటోళ్లు. నాకు మిషన్ ఉండె.

మరునాడు పగటిపూట, మే నెల ఎండకు బజార్ల కుక్క గూడ తిరుగుతలేదు. షట్టర్ సగం దించి మా నాయిన కుర్చీలనే కునుకు తీస్తుండు. నేను గిన్నెల చింతపండు పులుసు, ఉప్పు కలిపి రాగి పైసలన్ని ముంచిన. పది నిమిషాలల్ల నలుపు కరిగి గులాబి రంగు తేలింది. పాణం లేచొచ్చింది! ఇగ ఆగలే. మిషన్ పెట్టిన.

మొదటి పైస నా వేళ్ల సందుల నుంచి తప్పించుకొని ఎగిరి, స్టీలు గంజులకు తాకి టంగుమన్నది.

"ఎవరో తలుపు కొడుతున్నట్టుంది బిడ్డా" అన్నడు మా నాయిన కండ్లు తెరవకుండనే.

"నిజాం నాయినా!"

"కూసోమను, వస్తున్న."

ఆ పైస అప్పుడే చెప్పింది నాకు, వదిలెయ్యమని. నేను వింటెనా? దొరకబట్టి, చక్రానికి ఆనించిన. తర్వాత రెండోది. తర్వాత వెండియి. పాడంగ పాడంగ రాగం వస్తదని అందరంటరు గని, తోమంగ తోమంగ రాగి పోతదని ఎవ్వరూ చెప్పలేదు నాకు. పదకొండు అయినయి. పన్నెండోది పట్టుకున్న, మిషన్ ఆగిపోయింది. కరెంటు పోయింది. రాష్ట్రానికంతా కరెంటు పంపే ఊరు మాది, బొగ్గు పొగ మేం పీలుస్తం, ఫ్యాను మాత్రం ఆగుతుంటది. అప్పుడు తిట్టుకున్న. ఇప్పుడు ఆ కరెంటు తీసినాయన ఎవరో తెలిస్తే శాలువ కప్పుత.

మా నాయిన కుంటుకుంట లేచొచ్చి చూసిండు. "శాబాష్! నిన్న టంకశాల నుంచి వచ్చినట్టున్నయి. రాతలు జర పల్చవడ్డయి గని, గీ మెరుపు ముందల రాతలేంది!"

ఆ పొంగుల ముందుదొకటి, తర్వాతదొకటి ఫోటో పక్కపక్కన పెట్టి స్టేటస్ పెట్టిన. కింద "మా చేతి మహిమ" అని రాసిన. మా మేనత్త బిడ్డలు చప్పట్ల బొమ్మలు పంపిండ్రు. పావుగంటకు పోశెట్టి సారు ఫోన్.

"సుజాతా, నీ స్టేటస్ల ఉన్నయి... నావేనా?"

"మీవే సార్! గుర్తు పట్టలేదు గదా?"

"లేదు బిడ్డా" అన్నడు మెల్లగ, "గుర్తు పట్టలే."

నేను మెచ్చుకున్నడనే అనుకున్న. అంతటి తెలివి నాది.

ఆ ఎండలనే వచ్చిండు సారు. నెత్తికి రుమాలు గూడ కట్టుకోలే. బోర్లేసిన గంజు మీద కూసొని, జేబుల నుంచి భూతద్దం తీసి ఒక్కొక్కటి అంచుల మీద పట్టుకొని చూసిండు. చార్‌మినార్ మినార్లు అరిగి, ఎండకు పెట్టిన కొవ్వొత్తుల లెక్క వంగిపోయినయి. దర్వాజ ఉంది, దర్వాజల అక్షరం లేదు. రాజు దర్వాజ తెరిచిపెట్టి ఎటో పోయిండు. అప్పుడు చూసిన నేను సారు మొఖం దిక్కు. పులుసు గిన్నెను కాలితోని బల్ల కిందికి నూకిన.

"సాఫ్ చెయ్యమన్నరు గదా సార్..."

"తాంబాళాన్ని బిడ్డా." నీళ్లు తాగిండు. "గా నలుపు మురికి కాదు. మా తాత చేతులల్ల తిరిగినకాడి నుంచి పట్టిన వయసు గది. దాన్ని గీకితే మళ్ల రాదు."

మా నాయిన గల్ల కాడి నుంచి గొంతు సవరించుకొని, "నేను అప్పుడే చెప్పిన సార్, రాతలు పల్చవడుతున్నయని!" అన్నడు. కన్నతండ్రి! గిట్ల జారుతడని నేను కలల గూడ అనుకోలే.

నాకు ఏడుపు ఆగలే. "సార్, మళ్ల నల్లగ చేద్దాం. పొయ్యిల పెట్టి, జర నూనె రాసి..."

సారు ఎగిరి లేచి పెట్టెను రెండు చేతుల పొట్టకు అదుముకున్నడు. "వద్దు! నీకు దండం పెడుత, ఏం చెయ్యకు!" తర్వాత ఆ భంగిమ తనకే నవ్వొచ్చినట్టుంది, మళ్ల కూసున్నడు. "ఒక్కటన్న మిగిలిందా?"

"ఒకటుంది సార్. కరెంటు పోయింది."

"పోనీ. ఏడువకు. వీటిని దాచిపెట్టేది లేదు. ప్రదర్శనల పెడుదాం. పక్కన నువ్వు కూసోవాలె. వచ్చినోళ్లకు నువ్వే చెప్పాలె."

"ఏం చెప్పాలె?"

"ఏం చేసినవో గదే."

అట్ల శనివారం నాడు లైబ్రరీ హాల్ల నేను గూడ ప్రదర్శనకు పెట్టిన వస్తువునైన. తాంబాళంల పదకొండు మెరిసేవి, ఒక నల్లది. ముందల సారు మరాఠీల, తెలుగుల రాసిన చీటి: పాత నాణేలను తోమకూడదు. దాని పక్కన స్టూలు మీద నేను. పోలీసోళ్లు సొత్తును టేబుల్ మీద పెట్టి దొంగను వెనక నిలబెట్టి ఫోటో తీస్తరు గదా, అచ్చం గట్ల.

మొదలు నాగ్‌పూర్ నుంచి ఒక నాణేల పెద్దమనిషి వచ్చిండు. వంగి చూసి, "ఎవరు చేసిండ్రు గిది?" అన్నడు హిందీల. బడిల లెక్క చెయ్యి లేపిన.

"నిన్నటిదాంక గివి నాణేలు. ఇప్పుడు గుండీలు. అంగీకి కుట్టుకోవచ్చు."

"మరి మురికుంటే ఏం చెయ్యాలె సాబ్?"

"మన్నుంటే శుద్ధమైన నీళ్లల్ల నానబెట్టి తియ్యాలె. మెత్తటి గుడ్డ మీద పెట్టి ఆరనియ్యాలె. రుద్దుడు లేదు, పులుపు లేదు, సబ్బు లేదు. గంతకు మించి చెయ్యి ఆగకపోతే," నా చేతుల దిక్కు చూసిండు, "జేబుల పెట్టుకోవాలె."

గది నేను కంఠతా పట్టిన. పొద్దున పదకొండు గంటలయ్యేసరికి జనం పెరిగిండ్రు. మొదట చీటినే చదివి చూపెట్టిన. తర్వాత నిజాం తలుపు కొట్టిన ముచ్చట చెప్పంగనే అందరు నవ్విండ్రు. ఇగ జోరందుకున్న. చింతపండు ఎంత, ఉప్పు ఎంత, చక్రం ఎట్ల తిరిగింది, మా నాయిన మాట ఎట్ల మార్చిండు, అంతా ఆడి చూపెట్టిన. సగం తెలుగు, సగం మరాఠీ. కడకు చేతులు జోడించి, "కాబట్టి ఎవ్వరు తోమకుండ్రి" అనేదాన్ని. అందరు చప్పట్లు కొట్టేటోళ్లు.

ఒక్కటే నాకు జర తేడాగ అనిపించింది. సారు వేరే బల్ల మీద పెట్టిన మిగతా మంచి మంచి నల్ల నాణేల కాడ ఈగలు గూడ లేవు. మంది అంతా నా తాంబాళం చుట్టే. ఘుగ్గుస్ బొగ్గుగని కాలనీ నుంచి వచ్చిన ఒకామె, "అగ బాయీ, కితీ చమక్తాయత్!" ఎంత మెరుస్తున్నయో అని మురిసిపోయింది. నల్లదాన్ని చూపెట్టి, "గిదెందుకు మురికిగ ఉంచిండ్రు పాపం?" అన్నది.

ఆదివారం సాయంత్రం సామాను సర్దుతుంటే సారు నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. "ముప్పై ఏండ్లు చరిత్ర చెప్పిన బిడ్డా. ఒక్క క్లాసు గూడ గింత శ్రద్ధగ వినలే. మా తాత పైసలు పోతే పోయినయి, ఊరికి బుద్ధి వచ్చింది."

నా గుండె పూరీ లెక్క పొంగింది. తప్పు చేసిన, దిద్దుకున్న, ఊరిని గూడ దిద్దిన అనుకున్న.

సోమవారం పొద్దుగాల షట్టర్ లేపేసరికి, మెట్ల మీద ఎనిమిది మంది. ఒగల చేతుల డబ్బా, ఒగల చేతుల పొట్లం, ఒకాయన చేతుల ఏకంగ తువ్వాల మూట. అన్నిట్లనూ పాత పైసలే.

"సుజాత తాయీ, గివి గూడ గట్లనే మెరిపియ్యి!"

"అయ్యో! తోమద్దని రెండు దినాలు గొంతు చించుకున్న గదా!"

మూటాయన నిమ్మళంగ అన్నడు: "విన్నం తాయీ. తోమద్దన్నది విన్నం. గని నువ్వు తోమినయి చూసినం గదా."

మా నాయిన గల్ల కాడి నుంచి చేతి సైగ చేస్తుండు, పని వద్దనకని. నేను వినలే. ఒక్కొక్కరికి దండం పెట్టి, శుద్ధమైన నీళ్లు, మెత్తటి గుడ్డ, జేబుల చేతులు అని పాఠమంతా మళ్ల చెప్పి పంపిన. గొంతు పోయింది. అందరు పోయిండ్రనుకొని తిరిగేసరికి, కొంగు కింద ఏదో దాచుకొని ఒక పెద్దామె మెట్లెక్కుతుంది. పోశెట్టి సారు భార్య.

"ఏంది అమ్మా, గింత పొద్దుగాల?"

ఇటు చూసింది, అటు చూసింది. కొంగు కింది నుంచి సారు మిగతా నల్ల నాణేలున్న చెక్కపెట్టె తీసి నా ముందర పెట్టింది.

"నలభై ఏండ్ల సంది నా ఇంట్ల గీ నలుపు దుమ్ము దులుపుతున్న బిడ్డా. గివి గింత అందంగుంటయని నిన్ననే తెలిసింది. మీ సారు స్నానం జేసి వచ్చేలోపల మొత్తం తోమియ్యి."

పాఠకులారా, ఆ పెట్టెను మళ్ల ఆమె సంకల పెట్టి, ఆటో ఎక్కించి, ఆటో చప్పుడు వినబడకుండ పోయేదాంక నేను వెనక అర్రల పాలిష్ మిషన్‌కు వీపు ఆనించి, రెండు చేతులు చాపి కాపలా నిలబడ్డ. ఆ నిలబడ్డ చోటనే ప్రమాణం చేసిన, మీ ముందర మళ్ల చేస్తున్న: ఇక మీదట నాకంటే ముందు పుట్టిన ఏ వస్తువును నేను తోమను. రాజు బొమ్మున్నదాన్ని తోమను, రాణి బొమ్మున్నదాన్ని తోమను. బంగారమని చెప్పినా తోమను. బిందె తెస్తే మాత్రం తోముత, గని ముందుగాల దాని మీద ఎవరి పేరన్న చెక్కి ఉందా అని భూతద్దం పెట్టి చూస్త.