తమ దయవల్ల బాగానే ఉందండీ

మా పెద్దబావ కాలు యుద్ధంలో చెడలేదు. ఈ మాట నాది కాదు, సర్కారువారిది. బర్మా సరిహద్దులో ఫిరంగి గుండు పెంకు తొడలో దిగబడి, ఆరు నెలలు మిలిటరీ ఆస్పత్రిలో పడి ఉండి, చేతికర్రతో దివిసీమలో ఇంటికి చేరిన మనిషికి ఆ సంగతి పన్నెండేళ్ల దాకా తెలియనే లేదు పాపం. అప్పటిదాకా దెబ్బ యుద్ధంలోనే తగిలిందనుకుంటూ, అంగవైకల్యం పింఛను పుచ్చుకుంటూ అమాయకంగా బతికాడు.

నేనప్పుడు బందరులో ఒక ప్లీడరుగారి దగ్గర టైపిస్టుని. మా బంధువుల్లో ఇంగ్లీషు ఉత్తరం కొట్టగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత మా బావ సర్కారుతో చేసిన రెండో యుద్ధానికి నేనే సేనాపతిని.

పింఛను సాగనివ్వాలా, ఆపాలా అని తేల్చడానికి మెడికల్ బోర్డువారు మధ్యమధ్య పిలిచి కాలు చూస్తుంటారు. యాభైల చివర్లో అలాగే మద్రాసు రమ్మని కబురొచ్చింది. మా అక్క చేసిన హడావుడి పెళ్లిచూపులకి కూడా ఎవరూ చెయ్యరు. పెద్దవాళ్ల ముందు వాచిన కాలుతో నిలబడితే ఏం మర్యాద? పది రోజులపాటు వావిలాకు కాపడం పెట్టి, ఆముదం రాసి, వాపు సగం తీయించింది. గంజి పెట్టిన పంచె కట్టించింది. మా బావ ఇంకా మర్యాదస్తుడు. బోర్డు గదిలోకి వెళ్లేటప్పుడు చేతికర్రని గుమ్మం బయట చెప్పుల పక్కన వదిలేశాడు. లోపల పళ్లు బిగబట్టి నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

డాక్టరుగారు వచ్చీరాని తెలుగులో "కాలు ఎలా ఉంది?" అని అడిగారట. కృష్ణా జిల్లాలో పుట్టినవాడు పెద్దమనిషి పలకరిస్తే ఏమంటాడో మా బావా అదే అన్నాడు.

"తమ దయవల్ల బాగానే ఉందండీ."

డాక్టరుగారు ఆ ముక్క శ్రద్ధగా రాసుకున్నారు. రెండు నెలలకి పింఛను ఆగిపోయింది.

మొదటి అప్పీలులో, వాపు మళ్లీ వచ్చిందనీ, కర్ర లేనిదే అడుగు పడదనీ కొట్టి పంపాను. జవాబు వచ్చింది. ఆ వాపు బోదకాలు కావచ్చుననీ, అది అర్జీదారు ప్రాంతంలో సర్వసాధారణమనీ, సైనిక సేవకీ దానికీ సంబంధం లేదనీ తీర్పు. ఫిరంగి చెయ్యలేని పని మా ఊరి దోమ చేసిందన్నమాట! దివిసీమ దోమల్ని పట్టుకెళ్లకుండా ఫిరంగులు మోసుకెళ్లిన సైన్యాలని తలుచుకుంటే జాలేసింది.

నాకు నవ్వొచ్చింది గాని, బావకి రాలేదు. ఆయనకి సిగ్గేసింది. పంచె చీలమండల కిందికి దించుకుని తిరగడం మొదలుపెట్టాడు. "ఇన్నాళ్లూ యుద్ధం, యుద్ధం అని కోతలు కోశాడా?" అని అరుగుల మీద అనుకుంటున్నారని అక్క చెప్పి ఏడ్చింది.

"పింఛను లేకపోతే గంజి తాగి బతుకుతానోయ్. నేను అబద్ధాలకోరునంటే ఎట్టా బతికేది?" అన్నాడు బావ.

రెండో అప్పీలుకి స్వయంగా హాజరు కమ్మన్నారు. ఈసారి నేను వెంట వెళ్లాను. కాపడాలు బంద్. కర్ర వదలడానికి వీల్లేదు. గుడివాడ స్టేషన్లో బండి ఆగినప్పుడు పాఠం మొదలుపెట్టాను.

"బావగారూ, నేను డాక్టర్ని. కాలెలా ఉంది?"

"తమ దయవల్ల..."

"బావగారూ!"

"ఏం చెయ్యమంటావోయ్, నోటికి అదే వస్తంది!"

నెల్లూరు దాటాక గాని ఆయన నోట "బాగాలేదండీ" రాలేదు. బోర్డులో మాత్రం తడబడకుండా చెప్పాడు. చెప్పి, "తమరేమీ అనుకోకండి" అని చేతులు జోడించాడు. ఇక గెలిచినట్టేననుకుని నేను తిరుగుబండిలో ఇడ్లీలు కూడా తినిపించాను.

తీర్పు వచ్చింది. అర్జీదారు క్రితంసారి బాగుందన్నాడు, ఈసారి బాగాలేదన్నాడు, కాబట్టి ఇతని మాట నమ్మదగినది కాదు అని.

ఆ కాగితం ఆయనకి చదివి వినిపించాల్సింది కూడా నేనే. ఆ మాట నేర్పిందీ నేనే. ఆ రోజు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మిగిలింది ఆఖరి అప్పీలు. ప్లీడరుగారు సెక్షన్లతో మంచి చిత్తు రాసిచ్చారు. దానికి నా సొంత పేజీ ఒకటి జోడించాను. మా వైపు మనిషి మంచం పట్టి ఉన్నా, పెద్దవాళ్లు పలకరిస్తే బాగానే ఉన్నానంటాడు. దయచేసి దాన్ని నమస్కారం కింద తీసుకోండి, రోగం రిపోర్టు కింద కాదు. గాయం సంగతి కావాలంటే ఆస్పత్రి కాగితాలు తమ దగ్గరే ఉన్నాయి, వెతికించండి. ఇంతే రాశాను. ప్లీడరుగారు చూసి, "ఇది లా పాయింటు కాదోయ్" అని నవ్వారు.

పదకొండు నెలలకి కవరొచ్చింది. నేనే బస్సెక్కి పట్టుకెళ్లాను. అప్పీలు అంగీకరించారు. పాత ఆస్పత్రి రికార్డు దొరికిందట, గాయం సైనిక సేవలో తగిలినదేనట, పింఛను తిరిగి ఇస్తారట. నా పేజీ ఊసు ఎక్కడా లేదు.

బావ అంతా విని, చాలాసేపు కాలు నిమురుకున్నాడు.

"మరి నా మాట నమ్మదగింది కాదన్నారుగా. దాని సంగతేం రాశారు?"

కాగితం తిరగేశాను. వెనక ఏమీ లేదు. ఇచ్చేది ఇస్తారు గాని, అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు సర్కారుకి లేదు.

"ఇదిగో, ఇక్కడ రాశారు బావగారూ. మీరు నిజమే చెప్పారట. నమ్మనందుకు విచారిస్తున్నారట."

ఆయన పెరట్లోకి కేకేశాడు, అక్కని రమ్మని. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ ముక్క మళ్లీ చదువు. మీ అక్క కూడా వినాలి."

సంతకం కింద ఉన్న ఖాళీ చోట వేలు పెట్టి, ముందు చెప్పిన మాటలే గుర్తు చేసుకుంటూ మళ్లీ చదివాను.