జాబితాలో లేని గూడెం

పిల్లల కోసం పదేళ్లు ఇంట్లో ఉండి మళ్లీ ఉద్యోగంలో చేరాక నాకిచ్చిన మొదటి పని చేతిపంపుల సర్వే. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లు తిరగాలి. ఒక్కో పంపు దగ్గర నిలబడి ఫోన్లోని మ్యాపులో గుర్తు పెట్టి, కింద తెరుచుకునే ఫారం నింపాలి. ఊరి పేరు టైపు చేయనక్కర్లేదు, జాబితాలోంచి ఎంచుకుంటే చాలు.

మూడో రోజు పాల్మాకుల దాటి ఒక గూడేనికి వెళ్లాను. బిందె నింపుకుంటున్న ఒక పెద్దామె నా పక్కకొచ్చి ఫోన్లోకి తొంగిచూసింది.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"ఈ పంపు ఏ ఊరిదో పెడుతున్నానమ్మా."

"ఏ ఊరని పెట్టినవ్?"

చెప్పాను.

"గది మా ఊరు కాదు. మా గూడెం పేరు పెట్టు."

జాబితా రెండుసార్లు పైనుంచి కిందికి చూశాను. లేదు.

"ఇందులో మీ గూడెం లేదమ్మా. పక్క ఊరి పేరు పెడితే సరిపోతుందన్నారు."

"ఎవరికి సరిపోతది? పోయినసారి గిట్లనే రాస్కపోయిన్రు. బోరింగు బాగుచేసెటోళ్లు ఆ ఊరికి పోయి, అక్కడిది చూసి, మంచిగనే ఉందని మర్లిపోయిన్రు. ఎండకాలమంత పరేషానైనం."

గొంతు పెంచకుండానే అంది. బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆ పంపు వివరాలు సేవ్ చేయకుండానే తిరిగొచ్చేశాను.

మా మేనేజరుగారికి చెబితే, "ఫారం మారిస్తే సర్వేకి తిరిగే ఆరుగురి ఫోన్లలోనూ మళ్లీ ఎక్కించాలండీ. రేపు ఇంకో పేరు బయటపడుతుంది. ప్రతిసారీ మారుస్తామా?" అన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. ఊళ్ల జాబితా ఫారంలోనే భాగంగా ఉంది, పేరు చేర్చాలంటే ఫారమే మార్చాలి.

"జాబితాని ఫారం బయట పెడితే?" అన్నాను.

"మీకు వచ్చా?"

"రాదండీ. నేర్చుకుంటాను."

శుక్రవారం దాకా గడువిచ్చారు.

ఆ మ్యాపు, ఫారం నడిపే సాఫ్ట్‌వేర్ సహాయం పేజీలు ముందేసుకుని కూర్చున్నాను. ఊళ్ల పేర్లన్నీ విడిగా ఒక పట్టికలో రాసి, ఫారాన్ని దానికి కలపొచ్చని అర్థమైంది. పట్టికలో ఒక గడిలో ఊరి కోడు నంబరు, పక్క గడిలో పేరు. కొత్త పేరొస్తే ఒక వరుస చేర్చి ఆ ఫైలు ఒక్కటే ఫోన్లకు పంపితే సరి. పంచాయతీల్లో అడిగి గూడేల పేర్లన్నీ రాసుకొచ్చాను.

మొదటిసారి కలిపితే పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు వరుస కట్టాయి. తెలుగు అక్షరాలు నిలిచే పద్ధతిలో ఫైలు మళ్లీ సేవ్ చేశాను. పేర్లొచ్చాయి, కానీ అంతకుముందు నింపిన ఫారాల్లో ఊరి గడి ఖాళీ అయిపోయింది. రెండ్రోజుల పని పోయిందేమో అనుకున్నాను. పూటంతా వెతికితే తెలిసింది: కోడు ముందున్న సున్నాను కంప్యూటరు తీసేసింది. నింపిన ఫారంలో ఊరికి 07 అని ఉంటే పట్టికలో 7 మిగిలింది. రెండూ కలవడం లేదు. ఆ గడులను అంకెలుగా కాక అక్షరాలుగా చూడమని మార్చి, కోడ్లన్నీ ఒక్కొక్కటే మళ్లీ కొట్టాను. మేనేజరుగారు వచ్చి వెనకాల నిలబడ్డారు. పాత ఫారం తెరిచాను. ఊరి పేరు ఉంది.

"ఆరు ఫోన్లలోనూ వేసేయండి," అన్నారు.

శుక్రవారం పొద్దున్నే గూడేనికి వెళ్లి, ఆ పేరే ఎంచుకుని పంపు వివరాలు సేవ్ చేశాను. పెద్దామె కనబడలేదు. పక్కింటావిడకు చూపిస్తే పేరు కూడబలుక్కుని చదివి, "ఆ, గిదే," అంది.

తర్వాతి వారం మా సర్వేలోనే మహేశ్వరం వైపు వెళ్లిన అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, ఈడ ఒక పల్లె ఉంది. లిస్టుల లేదు. ఏం చెయ్యాలె?"

"పేరు స్పష్టంగా చెప్పు. అక్కడివాళ్లు ఎలా అంటారో అలాగే."

ఆమె చెప్పింది. నేను వరుస చేర్చి ఫైలు పంపాను.

"ఇప్పుడు తెరిచి చూడు."

"వచ్చిందక్కా."