సాక్షి మాటలో కర్త

కోనసీమ వేరే జిల్లా అయిన మరుసటి ఏడాది, వేసవి సెలవుల తరువాత, నన్ను ఆ ప్రాంతంలోని ఒక అప్పీలు కోర్టుకు సీనియర్ ట్రాన్స్‌లేటరుగా బదిలీ చేశారు. అది ఏ కోర్టో ఇక్కడ చెప్పను. మనుషుల పేర్లు కూడా మార్చాను. రిటైరయ్యే ముందు నేను పనిచేసిన చివరి చోటు అదే.

కోర్టులో ట్రాన్స్‌లేటరు అనే ఉద్యోగి ఒకడుంటాడని చాలామందికి తెలియదు. కింది కోర్టు తీర్పు మీద అప్పీలు వస్తే, ఆ కేసు కాగితాలన్నీ కట్టకట్టి పై కోర్టుకు పంపుతారు. వాటిలో తెలుగులో ఉన్నవాటిని ఇంగ్లీషులోకి మార్చి, కింద సంతకం పెట్టడం నా పని. అప్పటికే ఇంగ్లీషులో ఉన్నవాటి జోలికి మేము వెళ్లకూడదు. అవి ఎంత తప్పుగా ఉన్నా సరే.

తప్పులు మాత్రం రోజూ కనిపించేవి. సాక్షి తెలుగులో చెబుతాడు, మెజిస్ట్రేటు అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తారు, ఆ వేగంలో వ్యాకరణం గాడి తప్పుతుంది. ‘రెండేళ్లుగా’ అనడానికి ‘ఫర్ టూ ఇయర్స్’ బదులు ‘సిన్స్ టూ ఇయర్స్’ అని పడుతుంది. ‘డిస్కస్’ పక్కన అక్కర్లేని ‘అబౌట్’ వచ్చి చేరుతుంది. ‘వన్ ఆఫ్ ద’ తరువాత బహువచనం ఉండదు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు, అర్థం తెలుస్తూనే ఉంటుంది. నేను మనసులో దిద్దుకుని ముందుకు వెళ్లేవాణ్ణి.

ఆ ఏడాది వర్షాలు తగ్గాక ఒక పడవ కేసు అప్పీలుకు వచ్చింది. రాజోలు దగ్గర ఒక లంక రేవులో ఇంజను పడవ ఒరిగిపోయి ఇద్దరు మునిగిపోయారు. ఒకరు సునీత, పెళ్లయి ఏడాది తిరగని అమ్మాయి. రెండో మనిషి అదే లంకలో కొబ్బరి తోటల కౌలుదారు. పడవ నడిపిన సరంగు పేరు ప్రకాశం. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణాలు పోవడానికి కారణమయ్యాడని కింది కోర్టు అతనికి జైలు శిక్ష వేసింది. తాగి నడిపాడు కాబట్టి కనికరానికి తగడని కూడా తీర్పులో రాసింది.

మా జడ్జి గారి చదువంతా ఒడిశాలో సాగింది. తెలుగు బాగా మాట్లాడేవారు, చదవడం కష్టమయ్యేది. అందుకని తెలుగు కాగితాలన్నీ నాకు వచ్చాయి. వాటిలో మొదటిది సునీత అత్తగారు రత్నకుమారి పోలీసులకిచ్చిన ఫిర్యాదు. ఆవిడ అదే పడవలో ఉండి ఈత వచ్చినవాళ్ల చేతికందడంతో బతికారు. ఫిర్యాదులో ఒక వాక్యం ఇలా ఉంది: ‘ఆయన తాగి ఉన్నారని సరంగు దిగమన్నారు.’ ఇక్కడ ఆయనంటే కౌలుదారు.

అనువాదంలో పేర్ల స్పెల్లింగు వాంగ్మూలంలో ఉన్నట్టే ఉండాలి. అందుకోసం కోర్టులో ఆవిడ చెప్పిన సాక్ష్యం తీసి పక్కన పెట్టుకున్నాను. అందులో అదే వాక్యం ఇంగ్లీషులో ఉంది: ‘బీయింగ్ డ్రంక్, ద డ్రైవర్ ఆస్క్‌డ్ హిమ్ టు గెట్ డౌన్.’

పోటీ పరీక్షలకు చదివే పిల్లలు కూడా ఈ తప్పు పట్టగలరు. ఇంగ్లీషులో వాక్యం అలా మొదలైతే, కామా తరువాత ఎవరి పేరు వస్తుందో ఆ పని వాళ్లకే చెందుతుంది. కామా తరువాత ఉన్నది డ్రైవరు. కాబట్టి తాగినది డ్రైవరు. రత్నకుమారి గారు ‘తాగి ఉన్నారని’ అన్నారు. ఆ చివరి ‘అని’ వల్లే తాగినవాడు వేరు, దిగమన్నవాడు వేరు అని మనకు తెలుస్తుంది. ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు ఆ ‘అని’ జారిపోయింది.

కట్టంతా తిరగేశాను. పోలీసుల ఛార్జిషీటులో సరంగు తాగినట్టు లేదు. వైద్య పరీక్ష కాగితమూ లేదు. సాక్ష్యం విన్న మెజిస్ట్రేటు మధ్యలో బదిలీ అయ్యారు. తరువాత వచ్చినవారు రత్నకుమారి గారిని చూడలేదు, వినలేదు. కోడలిని పోగొట్టుకున్న మనిషి కళ్లారా చూసి చెప్పిన మాటకు వైద్య పరీక్ష అక్కర్లేదని తీర్పులో రాశారు. వారి ముందున్న వాక్యానికి అర్థం అదే మరి.

కాగితాలు శిరస్తాదారు సూర్యకుమారి గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఆఫీసు మొత్తానికి పెద్ద ఆవిడే. రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టుకుని చదివారు.

“ఇంగ్లీషు కాగితం మనం ముట్టుకోకూడదండి. మీకు తెలియంది కాదు,” అన్నారు.

“ఆయ్. ముట్టుకోనండి. రెంటికీ తేడా ఉందని నోటు పెడతాను.”

“ఎవరి తప్పో రాయకండి. తేడా ఉందని మాత్రం రాయండి.”

అలాగే రాశాను. జడ్జి గారు నోటును ఇరుపక్షాల వకీళ్లకూ చూపించి, ఆ ఒక్క విషయం మీద రత్నకుమారి గారిని మళ్లీ పిలిపించమని ఉత్తర్వు ఇచ్చారు. అప్పీలు కోర్టు అలా సాక్షిని పిలిపించడం అరుదు.

ఆవిడ వాయిదా రోజున ఒక్కరే వచ్చారు. యాభై దాటిన మనిషి. నేత చీర, చేతిలో చర్చికి తీసుకెళ్లే సంచీ. కొడుకు రానన్నాడని జవానుతో అంటుంటే విన్నాను. ప్రకాశం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని భార్య వరండాలోనే ఉండిపోయింది. తాగి మనుషుల్ని ముంచాడన్న మాట తీర్పులోంచి ఊళ్లోకి వెళ్లింది. చర్చిలో అతని పక్కన కూర్చునేవాళ్లు లేరని అతని వకీలు చెప్పారు.

సాక్షి చెప్పేది రికార్డు కోసం ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పని ఆ రోజు నాకే అప్పగించారు. తాగి ఉన్నది ఎవరని జడ్జి గారు అడిగారు.

“తోట కౌలుకి చేసే ఆయనండి. సరంగు తాగలేదండి. ఆయన తాగడం నేనెప్పుడూ చూళ్లేదండి. ముందు కూడా అదే చెప్పేనండి.”

ప్రకాశం తల దించుకున్నాడు. అతని వకీలు ఇంక ప్రశ్నలు లేవని కూర్చున్నారు. అంతటితో ఆగుతుందనుకున్నాను. ప్రభుత్వ వకీలు లేచారు. సరంగు దిగమన్నాక ఆ మనిషి దిగాడా అని అడిగారు.

“దిగలేదండి. పడవ అంచుమీద కూర్చున్నారు. ఈయన దిగితేగాని ఇంజను వెయ్యనని సరంగు అన్నారండి.”

“మరి ఎందుకు వేశాడు?”

ఆవిడ సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

“అందరం తొందరపెట్టేమండి. పొద్దుపోతోంది, పోనివ్వండి అన్నామండి. నేనూ అన్నానండి. మా కోడలు, వద్దండి అత్తయ్యగారూ, ఇంకో ట్రిప్పులో వెళదాం అంది. నేనే కూర్చోమన్నాను.”

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. జడ్జి గారు టైపిస్టుకు చెప్పిన వాక్యానికి తెలుగు ఇది: ‘సరంగు బయలుదేరమని కోరబడ్డాడు.’ కర్మణి వాక్యం. వ్యాకరణంలో ఏ దోషమూ లేదు. కోరినది ఎవరో అందులో లేదు, అంతే. ఆవిడ మీద జాలితో అలా చెప్పారో, అలవాటుగా వచ్చిందో నాకు తెలియదు. కోడలు వద్దన్న మాట కేసుకు సంబంధం లేదని వదిలేశారు.

సాక్ష్యం ముగిశాక దాన్ని సాక్షికి తెలుగులో చదివి వినిపించి, సరే అంటేనే సంతకం తీసుకోవాలి. చదవడం కూడా నా పనే. కోరబడ్డాడు అన్న చోటికి వచ్చాను. కాస్త మార్చి చదవవచ్చు, ఆవిడకు తెలియదు. కానీ కింది కోర్టులో జరిగింది అదే అయి ఉంటుంది. చదివినవాళ్లు అర్థమయ్యేలా చదివారు, కాగితం మీద వేరేది ఉండిపోయింది. నేను ఉన్నది ఉన్నట్టే చదివాను.

“ఎవరు కోరినట్టు రాసేరండి?” అని అడిగారు రత్నకుమారి గారు.

“ఎవరనేది రాయలేదమ్మా.”

“నేనూ అన్నానని చెప్పేను కదండి. అది రాయమనండి.”

జడ్జి గారు కళ్లద్దాలు తీసి ఆవిడవైపు చూశారు. “అవసరం లేదమ్మా,” అని తెలుగులోనే అన్నారు.

“మీకు అవసరం లేదేమోనండి. ఆయన తాగేడని లేనిది రాసేరు. నేను అన్నదేమో రాయరా?”

వాక్యం మార్చారు. సాక్షితో సహా ప్రయాణికులు కోరగా సరంగు బయలుదేరాడు అని వచ్చింది. ఆవిడ సంతకం పెట్టి, ప్రకాశం వైపు చూడకుండా బయటికి వెళ్లారు.

తీర్పు పది రోజులకు వచ్చింది. సరంగు తాగి ఉన్నాడన్న మాటకు ఆధారం లేదని కొట్టేశారు. అయితే తాగిన మనిషి పడవ అంచుమీద కూర్చుని ఉన్నాడని తెలిసీ, ముందు వద్దని తనే అనీ, చివరికి ఇంజను వేయడం నిర్లక్ష్యమేనని నేరం ఖాయం చేశారు. ఎవరెంత తొందరపెట్టినా పడవ సరంగు చేతిలో ఉంటుందని రాశారు. శిక్ష కొంత తగ్గించారు. నా నోటు లేకపోతే అతను వద్దన్న సంగతి, వద్దని కూడా బయలుదేరిన సంగతి అంత స్పష్టంగా బయటపడేవి కావు. కొత్త సాక్ష్యం అతన్ని ఒక పక్క విడిపించి, ఇంకో పక్క బిగించింది.

కోర్టు కానిస్టేబులు తీసుకెళ్లే ముందు ప్రకాశం నా బల్ల దగ్గర ఆగాడు.

“తాగలేదని ఉందాండి అందులో?”

“ఉందండి. రెండు చోట్ల ఉంది.”

“ఆ ముక్క మా ఇంటిది పాస్టరు గారికి చూపించాలండి. కాపీ ఎక్కడిస్తారో దానికి చెప్పండి.”

చెప్పాను. అతని భార్య కాపీకి దరఖాస్తు పెట్టింది. పాస్టరు గారు దాన్ని సంఘంలో చదివారో లేదో నాకు తెలియదు. రత్నకుమారి గారు కొడుకుతో కాక, బండారులంకలో చెల్లెలింట ఉంటున్నారని మాత్రం తరువాత తెలిసింది. ఆ సాక్ష్యం గురించి కొడుకుకు ఎవరు చెప్పారో తెలియదు.

రిటైరయ్యేవరకు కొత్తగా చేరిన స్టెనోలకు నేను రెండు సంగతులు నేర్పాను. వాక్యంలో పని కనిపిస్తే, చేసినవాడు ఎక్కడున్నాడో చూడండి. లేకపోతే అడిగి రాయండి. ఆ తరువాత ఆ వాక్యం ఎవరికి మేలు చేస్తుందో, ఎవరికి కీడు చేస్తుందో మన చేతిలో ఉండదు. అది చూసుకుంటూ దిద్దేవాడు ఈ పనికి పనికిరాడు.