కుడి దిక్కు నుంచి చూడాల్సిన బొమ్మలు

సెప్టెంబరు 14, ఆదివారం. ఇబ్రహీంపట్నం.

మనుమరాలు జపాను బొమ్మల కథను చివరి పేజీ నుంచి చదువుతుంటే కసిరాను. "గిది ఎనక నుంచే చదవాలె అవ్వా, నీకెర్కలేదు" అంది. నాకెంత ఎరుకో చెప్పడానికే మన గ్రూపులో ఇది రాస్తున్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుందా, ఉర్దూ పత్రిక చివరి పేజీలో వచ్చే బొజ్జాయన? మాటలుండవు, నాలుగు బొమ్మలే. ఒక్క గీత పైకి వంపు తిరిగితే నవ్వు, కిందికి తిరిగితే దిగులు.

పోలీస్ యాక్షన్ నాటికి మా బాపు, అదే మా నాన్న, సత్యాగ్రహం చేసి జైల్లో ఉన్నాడు. పక్కింటి ఉర్దూ పంతులు పత్రిక తెచ్చి, ఖైదీల కబురేమైనా ఉంటే అమ్మకు చదివి చెప్పేవాడు. బొమ్మలు మాత్రం నావి. ఒకనాడు మొదటి బొమ్మలో బొజ్జాయన ఒళ్లో కూతురుంది. చివరి బొమ్మలో ఆ పిల్ల గడప మీద ఒక్కతే ఉంది. బాపు ఇక రాడని ఏడ్చాను.

"ఉల్టా చూసినవ్ బిడ్డా" అన్నాడు పంతులు. "ఉర్దూ కుడి దిక్కు నుంచి చదవాలె. జర గిట్ల సూడు."

అటు నుంచి చూస్తే బొమ్మల్లో ఆ పిల్ల నాయన ఇంటికొచ్చాడు.

ఆనాటి నుంచి గడప మీద కూర్చుని వీధికి కుడివైపే చూశాను. కొన్నాళ్లకు బాపు ఎడమవైపు నుంచి వచ్చాడు. "ఎటు సూస్తున్నవే, బాపొచ్చిండు" అని అమ్మ నా తల పట్టి తిప్పింది.

ఇక జరగాల్సినవి:
1. బొజ్జాయన బొమ్మలు ఎవరింట్లోనైనా ఉంటే ఫోటో పంపాలి.
2. కసిరే ముందు పుస్తకం ఎటు మొదలవుతుందో అడగాలి. ఇది నాకే.
3. మనుమరాలు చదివాక ఆ పుస్తకం నాకివ్వాలి. కుడి నుంచి చదవడం నాకు వచ్చు.