సీడీ మీద బొట్టు

ఇంకే ఊళ్లోనూ కంప్యూటరు బాగుచేసేవాడు ముక్కుకు తుండుగుడ్డ కట్టుకోడేమో గాని, గుంటూరు మిర్చియార్డు వీధిలో మార్కు కట్టుకుంటాడు. ఇక్కడ మనుషులతో పాటు యంత్రాలకూ మిరప దుమ్ము ఊపిరాడనివ్వదు. డబ్బా విప్పి, బ్రష్షుతో ఎర్రదుమ్ము దులిపి, తుమ్మి, కళ్లొత్తుకుని, విండోస్ మళ్లీ ఎక్కిస్తాడు. రేపు పక్క కొట్లోనూ ఇదే పని. నడుం పట్టేసినా ఎవరితోనూ అనడు.

ఆరోజు ఎగుమతి వ్యాపారి వెంకటరావమ్మ కొట్లో అంతా ఎక్కించాక, మొన్న మెయిళ్లు దాచిన సీడీ అడిగాడు. కొలంబో షావుకారు సరుకు ఖాయం చేసిన మెయిలు అందులోనే ఉంది. అది అందక ఆవిడ భర్త చెన్నై రేవులో లారీల దగ్గర పడిగాపులు కాస్తున్నాడు. ఆవిడ దేవుడి గూట్లోంచి సీడీ తెచ్చింది. నిన్నటి దసరా పూజలో దాని మెరిసే వైపు పసుపు రాసి, నిండుగా బొట్టు పెట్టేసింది. చదవనని కంప్యూటరు మొరాయించింది.

"కాస్త తుడిచివ్వండమ్మా," అన్నాడు మార్కు.

"బాగానే చెప్పావ్! ఆయన రేవులో ఉంటే నా చేత్తో బొట్టు చెరపనా? నువ్వయితే చర్చికి పోయేవాడివి, నీకు పట్టింపు లేదుగా. కానీయ్."

"అన్నీ నా నెత్తినే," అని గొణిగి, తడిగుడ్డతో మధ్యనుంచి అంచుకు మెల్లగా తుడిచాడు. మెయిళ్లు ఒక్కొక్కటే దిగాయి. కొలంబోదీ వచ్చింది.

మార్కు ఇంకో సీడీ తయారుచేసిచ్చాడు. "ఇది పూజకి, ఇది పనికి. కలిపెయ్యకండి."

ఆవిడ పూజదానికి బొట్టు పెట్టి, రెండోదాన్ని చూస్తూ కుంకుమ వేలితోనే ఆగిపోయింది. మార్కు నిట్టూర్చి, దాన్ని పేరు రాసిన వైపుకు తిప్పాడు.

"ఇటు పెట్టండి."