ఆరు టన్నుల సున్నం

లెక్కల పుస్తకంలో మనుషులంత బుద్ధిమంతులు భూప్రపంచంలో ఎక్కడా ఉండరు. పనిలో మూడో వంతు నాలుగు రోజుల్లో చేసినవాడు మిగతా రెండు వంతులూ అదే ఊపుతో చేసేస్తాడు. మధ్యలో బీడీ కాల్చడు, నడుం పట్టేసిందనడు, మేస్త్రీతో పోట్లాడడు. వాళ్లంటే నాకు ఒళ్లు మంట. "అదే ఊపుతో చేస్తాడని ఎవరు చెప్పారండీ?" అని అడిగి ఏడో తరగతిలో చాలాసార్లు బెంచీ ఎక్కాను.

మాది పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పక్క పేట. అమ్మ బట్టీలో రాయి మోసేది, నాన్న లారీలకు సున్నం ఎత్తేవాడు. హాఫ్ ఇయర్లీ పరీక్షల ముందు నాన్న తేల్చి చెప్పాడు: "ఈసారి లెక్కల్లో తప్పావంటే బడి బందు. మీ అమ్మతో పాటు తట్ట ఎత్తుదువుగాని." నాన్న అన్నంత పనీ చేసే మనిషి. నాకు నిజంగానే భయం వేసింది.

మా లెక్కల మేస్టారు తెనాలి వైపు నుంచి వచ్చినాయన. మంచాయనే. పుస్తకంలోని గోధుమల లెక్క మాకు ఎక్కదని జాలిపడి, దాన్ని సున్నం లెక్కగా మార్చి పరీక్షలో ఇచ్చారు. "బట్టీకి ఎనిమిది టన్నుల రాయి వచ్చింది. అందులో ముప్పావు వంతు కాల్చారు. ఎన్ని టన్నుల సున్నం వచ్చింది?"

క్లాసంతా ఆరు అని రాసింది. అందులో సగం మంది బట్టీల పిల్లలే, కానీ పరీక్షలో నిజం రాయకూడదని వాళ్లకు తెలుసు. నేను మాత్రం "మూడున్నర దాటదు" అని రాశాను. ఆ లెక్కకు సున్నా పడింది. మొత్తం ముప్పై రెండు. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి.

అమ్మ కొట్టడానికి చెయ్యెత్తి, ఏం లెక్క తప్పానో చదివి వినిపించమంది. విని చెయ్యి దించేసింది.

"ఆరు టన్నులా? ఆయన బట్టీ మొహం ఎప్పుడన్నా చూశాడా?"

మర్నాడు పని మానుకుని, గుడ్డలో రెండు రాళ్లు మూటగట్టుకుని బడికొచ్చింది. ఒకటి పచ్చిరాయి, ఒకటి బట్టీలో కాలింది. రెండూ ఒకే సైజు.

"చెయ్యి తుడుచుకోండి మేస్టారూ, చెమట తగిలితే కాలుద్ది," అంటూ చెరో చేతిలో ఒకటి పెట్టింది. మేస్టారు చేతులు పైకీ కిందకీ ఆడించి చూశారు. కాలిన రాయి బెండులా తేలిపోయింది.

"మరి మిగతా బరువు ఏమైందమ్మా?"

"పొగలో పోయింది. పొద్దస్తమానం మేం పీల్చేది ఏందనుకున్నారు?"

మేస్టారు ఎర్ర పెన్ను తీసి, సున్నా కొట్టేసి మూడు వేశారు. ముప్పై అయిదు! సంతోషంతో నాకు ఏడుపొచ్చింది. అమ్మ మాత్రం కదల్లేదు.

"అయిదు మార్కుల లెక్కంట గదా. ఆ రెండూ ఏమైనయ్ మేస్టారూ?"

"స్టెప్పులు వేయలేదమ్మా."

అమ్మ రాళ్లు మళ్లీ మూటగట్టి నావైపు తిరిగింది.

"పోనీలే, అయ్యి కూడా పొగలో పోయినయ్యనుకో. తట్ట మొయ్యడానికి నేనున్నాగా. నువ్వు ఆ స్టెప్పులేందో నేర్చుకో."